ఆకాశమునుండి కొండ అడవుల లెక్క



ఉద్యోగరీత్యా ఢిల్లీ మహానగరమున స్థిరపడిన తెలుగువారిలో, తాము ప్రతిదినము ఒక పర్వతపాదమున నడచి కార్యాలయమునకు పోవుచున్నామని తలచువారు అరుదు. గుజరాతు సీమలో బయలుదేరి, రాజస్థానమును హర్యానాను దాటి, సుమారు 700 కిలోమీటర్ల దూరము సాగివచ్చిన ఆరావళి పర్వతశ్రేణి తన ఉత్తరపు కొసను ఈ నగరమందే ముగించుచున్నది. రాష్ట్రపతి భవనము నిలిచిన రైసినా గుట్ట ఆ శ్రేణిలోనిదే. విశ్వవిద్యాలయము ప్రక్కనున్న ఉత్తరపు రిడ్జియు, తుగ్లకాబాదు దాటిన పిమ్మట అసోలా, భట్టీ గ్రామములవరకు వ్యాపించిన దక్షిణపు రిడ్జియు దాని అంగములే. భూగర్భశాస్త్రజ్ఞులు ఆరావళిని ప్రపంచమునందలి అతిప్రాచీన పర్వతములలో ఒకటిగా ఎన్నుదురు. వయస్సున హిమాలయము దానిముందు పసిబిడ్డ.

ఈ కొండలు నగరమునకు అలంకారమాత్రములు కావు. పడమటినుండి వీచు ఎడారిగాలుల ధూళిని కొంతవరకైనను అడ్డుకొనునవి ఇవియే. వీని పగుళ్ళగుండ వాననీరు లోనికి దిగి, ఢిల్లీ, గురుగ్రాము, ఫరీదాబాదుల భూగర్భజలమును నింపుచున్నది. అందుచేతనే 1994వ సంవత్సరము మే నెలలో ఢిల్లీ రిడ్జిలో సుమారు 7,777 హెక్టార్ల భూమిని రిజర్వు అడవిగా ప్రకటించిరి. అయినను ప్రశ్న యొకటి మిగిలియున్నది. ప్రకటించినంతమాత్రమున అడవి నిలుచునా? నిలిచినదో, తరిగినదో చెప్పగలవారెవరు? ఏ కొలతతో చెప్పుదురు? ఈ ప్రసంగమునకు విషయము ఇదియే.

పూర్వము అడవిని లెక్కించు పద్ధతి వేరు. సర్వేశాఖవారు గొలుసులు లాగి హద్దురాళ్ళు పాతెడివారు. అటవీశాఖవారు ఆ హద్దులలోనిదంతయు అడవియేయని రికార్డులలో వ్రాసికొనెడివారు. పట్వారి కాగితములలో అడవియని యుండి, నేలమీద ఒక చెట్టైనను లేని తావులు ఎన్నియో యుండెను. కాగితములలో బంజరని యుండి దట్టముగా చెట్లు పెరిగిన తావులును ఉండెను. 1965లో ప్రభుత్వము అటవీసంపదను మదింపు వేయుటకై ఒక ప్రత్యేక సర్వేసంస్థను నెలకొల్పి, విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను వినియోగింపసాగెను. అయితే దేశమంతటిమీద విమానములను మాటిమాటికి త్రిప్పుట వ్యయప్రయాసలతో కూడిన పని. ఒక జిల్లా చిత్రములు ముగియునప్పటికి మొదటి జిల్లా చిత్రములు పాతబడిపోవుచుండెను.

1970లో ఆచార్య పి. ఆర్. పిషారటిగారి ఆధ్వర్యవమున కేరళములోని కొబ్బరితోటలకు సోకిన తెగులును హెలికాప్టరునుండి తీసిన చిత్రములద్వారా గుర్తించిరి. మన దేశమున దూరమునుండి పంటను, అడవిని పరీక్షించు విద్యకు అది నాంది యని పెద్దలు చెప్పుదురు. రెండేండ్లకు, 1972 జూలై 23వ తేదీన, అమెరికావారు లాండ్‌శాట్ శ్రేణిలోని మొదటి ఉపగ్రహమును ప్రయోగించిరి. అది సుమారు 900 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, 18 దినములకొకసారి అదే ప్రదేశముమీదికి వచ్చి చిత్రము తీయుచుండెను. ఒకే కొండను, ఒకే ఎత్తునుండి, ఒకే పద్ధతిలో మరల మరల చూచు అవకాశము మానవునకు అప్పుడే లభించినది.

ఈ విద్యకు మన హైదరాబాదు కేంద్రస్థానమగుట తెలుగువారికి సంతోషకరమైన విషయము. జాతీయ దూరసంవేదన సంస్థ బాలానగరమున వెలసినది. 1979నుండి షాద్‌నగరు భూకేంద్రము ఉపగ్రహచిత్రములను నేరుగా అందుకొనసాగెను. 2008లో ఆ సంస్థ ఇస్రోలో అంతర్భాగమైనది. అడవుల విషయమున ఆ సంస్థ చేసిన తొలి మహాకార్యము దేశమంతటి అటవీవిస్తీర్ణమును రెండు కాలములయందు కొలుచుట. 1972-75 నాటి చిత్రములలో 5 కోట్ల 55 లక్షల హెక్టార్లుగా కనబడిన అడవి, 1980-82 నాటి చిత్రములలో 4 కోట్ల 63 లక్షల హెక్టార్లకు తగ్గినట్లు తేలెను. దేశ విస్తీర్ణములో 16.89 శాతమునుండి 14.10 శాతమునకు దిగినదన్నమాట. 1984లో వెల్లడియైన ఈ అంకెలు ప్రభుత్వమును, ప్రజలను ఏకముగా కలవరపరచినవి.

అంతలో 1981 జూన్‌లో డెహ్రాడూన్ నగరమున భారత అటవీ సర్వే సంస్థ ఏర్పడియుండెను. ఆ సంస్థవారును ఉపగ్రహచిత్రములనే పరిశీలించి, 1987లో తమ మొదటి నివేదికను వెలువరించిరి. వారి లెక్కలో అడవి దేశ విస్తీర్ణములో సుమారు 19.5 శాతము. ఒక ప్రభుత్వ సంస్థ 14 శాతమనగా వేరొక ప్రభుత్వ సంస్థ 19.5 శాతమనుట వినువారికి వింతగా తోచును. కాని చిత్రము తనకు తానుగా ఏమియు చెప్పదు. ఎంత దట్టముగానున్న చెట్లను అడవియనవలెను, పలుచని చెట్లను దేనిలో చేర్చవలెను అను నిర్ణయము చూచువానిది. ఉభయసంస్థలవారు కూర్చుండి లెక్కలు సరిచూచుకొనినపిమ్మట 19.5 శాతమునకు చేరువలో ఏకాభిప్రాయము కుదిరెను. ఫైళ్ళతో పరిచయముగల ఉద్యోగులకు ఇందలి నీతి వేరుగా చెప్పనక్కరలేదు. అంకెకు ముందు నిర్వచనమును చదువవలెను.

ఇక ఉపగ్రహము అడవిని గుర్తించు విధమును కొంచెము విచారింతము. ఆకులోని పత్రహరితము సూర్యకాంతిలోని ఎరుపుభాగమును మ్రింగివేయును. కంటికి కనబడని పరారుణ కిరణములను మాత్రము ఆకు విస్తారముగా వెనుకకు త్రిప్పికొట్టును. బండరాయికి ఈ భేదము లేదు. అది రెండింటిని ఇంచుమించు సమానముగా త్రిప్పును. ఉపగ్రహములోని యంత్రము ఈ రెండు కాంతులను వేర్వేరుగా కొలుచును. రెండింటి భేదమును రెండింటి మొత్తముతో భాగింపగా వచ్చు సంఖ్యయే పచ్చదనమునకు సూచిక. ఉదాహరణమునకు, ఒక తావున పరారుణము 50, ఎరుపు 10 అయినచో, 40ని 60తో భాగింపగా 0.67 వచ్చును, అది దట్టమైన ఆకు. వేరొకచోట పరారుణము 30, ఎరుపు 25 అయినచో, 5ను 55తో భాగింపగా 0.09 మాత్రమే, అది రాయియో, వట్టినేలయో కావలెను. నాలుగవ తరగతి బాలుడుకూడ చేయదగిన ఈ లెక్కను యంత్రములు కోట్లకొలది గడులకు క్షణములలో చేయుచున్నవి.

గడి యనగా చిత్రములోని అతిచిన్న చదరము. మొదటి లాండ్‌శాట్ గడి సుమారు 80 మీటర్ల పొడవు వెడల్పులు గలది. అందులో ఒక చిన్న తోపు మొత్తము ఇమిడిపోవును. మన రిసోర్సుశాట్ ఉపగ్రహములలో అటవీ సర్వేకు వినియోగించు యంత్రపు గడి 23.5 మీటర్లు, ఒక హెక్టారులో అట్టి గడులు సుమారు 18 పట్టును. అటవీ సర్వేవారు ఒక హెక్టారు, అంతకుమించిన ప్రతి తోపును పరిశీలించి, కొమ్మల గొడుగు నేలను నూటికి ఎంతపాలు కప్పినదో చూచి తరగతులు ఏర్పరచుదురు. 70 పాళ్ళు మించినది చాల దట్టము. 40 మొదలు 70 వరకు మధ్యస్థము. 10 మొదలు 40 వరకు పలుచన. 10కి లోపలిది తుప్ప. తుప్పను అటవీవిస్తీర్ణములో చేర్చరు. ఆ భూమి ఎవరిదను ప్రశ్న ఈ లెక్కలో లేదు. ప్రభుత్వ అడవియైనను, రైతు మామిడితోటయైనను, సరుగుడు తోపైనను, కొమ్మల గొడుగు చాలినంత యున్నచో అటవీవిస్తీర్ణమే.

సమతల భూములలో ఈ పని ఒకరీతిగా సాగును. కొండలలో చిక్కులు మొదలగును. మొదటి చిక్కు నీడ. ఉపగ్రహము ప్రొద్దుటి వేళ దాటునపుడు తూర్పువాలు వెలుగులోను, పడమటివాలు నీడలోను ఉండును. రెండువైపుల ఒకే అడవి యున్నను చిత్రములో రెండు రంగులుగా కనబడును. చలికాలమున సూర్యుడు క్రిందుగా నుండుటచే హిమాలయపు లోయలలో నీడలు మరింత పెరుగును. రెండవది మేఘము. వర్షకాలమున కొండలమీద మబ్బు తొలగు దినములే అరుదు. మూడవది ఆకు రాలుట. ఆరావళిలోను, నల్లమలలోను చెట్లు పెక్కు ఎండకాలమునకు ముందు ఆకు రాల్చునవి. ఒక సంవత్సరపు అక్టోబరు చిత్రమును మరుసటి సంవత్సరపు మార్చి చిత్రముతో పోల్చినవానికి కొండ అడవి అంతయు నశించినట్లు తోచును. ఇందుచేతనే మన సర్వేవారు వర్షములు వెలిసి, ఆకు ఇంకను నిలిచియుండు అక్టోబరు మొదలు డిసెంబరు వరకుగల చిత్రములను ఎన్నుకొందురు. నాలుగవది వాలు. పటముమీద కొలుచు విస్తీర్ణము నిట్టనిలువుగా పైనుండి చూచిన విస్తీర్ణము. 45 డిగ్రీల వాలుమీది ఒక హెక్టారు పటమునందలి కొలతలో, వాస్తవముగా నేలమీద 1.4 హెక్టార్లకు పైగా ఉండును. ఎత్తుల పటములను జతచేసి వీనిలో కొన్నింటిని సరిదిద్దవచ్చును. మిగిలినవానికి మనుష్యుడు కొండయెక్కి చూచుటయే మార్గము.

ఈ సంగతులు తెలిసినవారు ఢిల్లీ అంకెలను మరొకసారి చదువవలెను. అటవీ సర్వే నివేదికలలో ఢిల్లీ అటవీవిస్తీర్ణము 1997లో 26 చదరపు కిలోమీటర్లు, 2001లో 111, 2023 నివేదికలో సుమారు 195. నాలుగేండ్లలో అడవి నాలుగురెట్లు పెరిగినదని నమ్ముట కష్టము. ఆ నాలుగేండ్లలో పెరిగినది ముఖ్యముగా చూపు. యంత్రపు గడి చిన్నదైనది. ఒక హెక్టారు తోపులనుకూడ లెక్కింప మొదలిడిరి. చేతితో గీతలు గీయుపని కంప్యూటరుకు మారినది. అట్లని ఢిల్లీలో చెట్లు నాటలేదనియు కాదు; నాటిరి, పెంచిరి. కాని అంకెలో ఎంతపాలు చెట్టుదో, ఎంతపాలు కంటిదో విడదీయక సంతోషించుటయు, దుఃఖించుటయు తొందరపాటే.

ఇంకొక భేదమును ఉపగ్రహము సులభముగా చెప్పజాలదు. అది జాతిభేదము. ఢిల్లీ రిడ్జిమీద కనబడు పచ్చదనములో విశేషభాగము సర్కారు తుమ్మది. ఇక్కడివారు దానిని విలాయితీ కీకర్ అందురు. బ్రిటిషువారి కాలమున విదేశమునుండి తెచ్చి నాటిన ఆ చెట్టు, రాతినేలలో సైతము పాతుకొని, స్వదేశపు ధౌ మున్నగు చెట్లను అణచివేసినది. ఫరీదాబాదు ప్రక్కన మాంగర్ గ్రామమున బనీ యను దేవతావనమొకటి కలదు. గ్రామస్థులు అచటి సాధువునందలి భక్తిచే తరతరములుగా ఒక్క కొమ్మనైనను విరువకుండుటచే, అసలు ఆరావళి అడవి ఎట్టిదో అచట నేటికిని చూడవచ్చును. పచ్చదనపు సూచికలో తుమ్మకు, ధౌకు గల అంతరము స్వల్పము. అటవీవిలువలో ఆ అంతరము చాల గొప్పది. వసంతవిహారము చెంత గనులు త్రవ్వి విడిచిన నేలలో ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య సి. ఆర్. బాబుగారి మార్గదర్శకత్వమున ఆరావళి జీవవైవిధ్య ఉద్యానవనము రూపొందినది. అచట తుమ్మను క్రమముగా తగ్గించి స్వదేశవృక్షములను నిలిపిరి. తుమ్మ కొట్టిన ఏట ఉపగ్రహము నష్టమనియే వ్రాసియుండును. లాభము కనబడుటకు ఏండ్లు పట్టును.

ఇంతవరకు ఉపగ్రహపు లోపములే వినబడినవి. దాని బలమును చెప్పకున్న అన్యాయమగును. ఆరావళిలో గనుల త్రవ్వకముపై సుప్రీంకోర్టు 2002లోను, మరల 2009లో ఫరీదాబాదు, గుర్గావ్, మేవాత్ ప్రాంతముల విషయమునను నిషేధపు టుత్తరువులు ఇచ్చెను. అయినను త్రవ్వకము ఆగలేదను ఫిర్యాదులు వచ్చుచునేయుండెను. 2018లో అటవీ సర్వేవారి పరిశీలన ఆ కోర్టుముందుకు వచ్చినది. రాజస్థానములో నమూనాగా తీసికొనిన 128 కొండలలో 31 కనబడకుండ పోయినవని అందు తేలెను. హనుమంతుడు సంజీవని పర్వతమును పెకలించుకొనిపోయినట్లు జనులు కొండలను ఎత్తుకొనిపోవుచున్నారా యను భావమున న్యాయమూర్తి ఆశ్చర్యము వెలిబుచ్చిరి. సాక్షులు మాట మార్చవచ్చును, రికార్డులు దిద్దబడవచ్చును. పాత చిత్రములో నున్న కొండ క్రొత్త చిత్రములో గుంటగా మారినచో దానికి సమాధానము చెప్పుట ఎవరితరమునుకాదు.

ఆ వివాదము నేటికిని ముగియలేదు. ఏది ఆరావళి కొండ యను ప్రశ్నయే మరల లేచినది. చుట్టుపట్ల నేలకంటె 100 మీటర్లు, అంతకుమించి ఎత్తుగలదే ఆరావళి కొండయను నిర్వచనమును 2025 నవంబరులో సుప్రీంకోర్టు అంగీకరించెను. పొట్టిగుట్టలకు రక్షణ పోవునను ఆందోళన చెలరేగగా, డిసెంబరు 29న ఆ యుత్తరువును తానే నిలిపివేసెను. ఇచ్చటను మొదటి నీతియే వర్తించును. ఉపగ్రహము ఎత్తును కొలిచి ఇయ్యగలదు. ఎంత ఎత్తు చాలునో నిర్ణయించుట మనుష్యుల బాధ్యత. ధూళిని ఆపుటలోను, నీటిని ఇంకించుటలోను పొట్టిగుట్టలకును పాలున్నది.

తెలుగుదేశపు కొండలవైపు చూతము. 2021 అటవీ నివేదికలో దేశమంతటిలో అటవీవిస్తీర్ణము ఎక్కువగా పెరిగిన రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. పెరుగుదల 647 చదరపు కిలోమీటర్లు. రెండవది తెలంగాణ, 632. ఈ వార్త వచ్చినపుడు తెలుగువారు గర్వించిరి. 2023 నివేదికలో ఆ రెండు రాష్ట్రములలోను తగ్గుదల కనబడెను. రెండు వార్తలను అర్థము చేసికొనుటకు తూర్పుకనుమల బ్రదుకు తెలియవలెను. మన్యమున పోడు చేయువారు ఒక చెక్కను కొట్టి, కాల్చి, కొన్ని పంటలు పండించి, నేల అలసినపిమ్మట విడిచి వేరొకచోటికి పోవుదురు. విడిచినచోట చెట్లు మరల లేచును. ఒక నివేదికలో నష్టముగా కనబడిన వాలు కొన్నేండ్లకు లాభముగా కనబడవచ్చును. అరకు, పాడేరు సీమలలో కాఫీతోటలు పెద్దచెట్ల నీడనే పెరుగును గాన, పైనుండి చూచువానికి అది అడవియే. మైదానములలో జామాయిలు, సరుగుడు, జీడిమామిడి తోటలు నరికినపుడు తగ్గుదల, నాటినపుడు పెరుగుదల. కొండమీద నూరు హెక్టార్ల ప్రాచీనమైన అడవి పోయి, మైదానమున నూరు హెక్టార్ల జామాయిలు తోట వెలసినచో, మొత్తపు అంకెలో మార్పు లేదు. సెలయేటికి మాత్రము ఆ మార్పు తెలియును.

ఈ చిత్రములలో గిరిజనుని బ్రదుకుకూడ ఇమిడియున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి, 2005 డిసెంబరు 13 నాటికి అడవిభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనునకు ఆ భూమిపై హక్కు కలదు. నాడు సాగులో నున్నదా లేదా యని తేల్చుటకు పాత ఉపగ్రహచిత్రములను చూచుట వాడుకలోనికి వచ్చినది. చెట్లనడుమ చేసిన చిన్న చెక్క 23 మీటర్ల గడిలో కనబడకపోవచ్చును. విశ్రాంతికి విడిచిన పోడు అడవివలె కనబడవచ్చును. అందుచేత 2012లో సవరించిన నిబంధనలలో, ఉపగ్రహచిత్రము ఇతర సాక్ష్యములకు తోడుగా నుండవచ్చునే గాని వానికి బదులు కారాదని స్పష్టపరచిరి. దరఖాస్తును ఆమోదించుటయో, తిరస్కరించుటయో చేయు అధికారి ఈ వాక్యమును మరచినచో ఒక కుటుంబము భూమిని కోల్పోవును.

ఇక హిమాలయము. 1952 నాటి అటవీవిధానము కొండప్రాంతములలో 60 శాతము అడవి యుండవలెనని నిర్దేశించెను. 1988 నాటి విధానము దానిని మూడింట రెండువంతులకు పెంచెను. 2021 నివేదికలో దేశమునందలి 140 పర్వతజిల్లాలలో అడవి 40.17 శాతము మాత్రమే; అంతకుముందరి నివేదికకంటె 902 చదరపు కిలోమీటర్లు తక్కువ. దేశపు మొత్తము పెరిగిన ఆ యేటనే కొండలలో తగ్గినదని గమనింపవలెను. 1974లో అలకనంద సీమలోని రేణీ గ్రామమున గౌరాదేవియు, ఆమెతోడి స్త్రీలును చెట్లను కాపాడుకొనిన నాటికి ఏ ఉపగ్రహచిత్రమును వారిచేతిలో లేదు. అడవి పోయిన కొండ జారునని, నీరు ఇంకునని వారికి అనుభవమే నేర్పినది. ఆ జ్ఞానమునకు కొలతను చేకూర్చుటయే నేటి విద్య చేసిన ఉపకారము.

ఈ విద్య నానాటికి పదునెక్కుచున్నది. 2008లో లాండ్‌శాట్ చిత్రములను ఎల్లరకు ఉచితము చేసిరి. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహములు 2015నుండి 10 మీటర్ల గడితో చిత్రములను అందించుచున్నవి. భారత అమెరికాలు కలసి నిర్మించిన నైసార్ ఉపగ్రహము 2025 జూలై 30వ తేదీన మన శ్రీహరికోటనుండియే ఎగసినది. దానికి సూర్యకాంతితో పనిలేదు. అది తన రేడియో తరంగములను తానే పంపి, మబ్బును చీకటిని దాటి, కొమ్మలను కాండములను తడవి చూడగలదు. వర్షకాలపు కొండలు చిరకాలముగా దాచుకొనిన మార్పులు ఇకమీదట వెల్లడి కాగలవని ఆశింపవచ్చును.

కావున అటవీ నివేదిక వెలువడి, పత్రికలలో పెరిగినదనియో తగ్గినదనియో వార్త వచ్చినపుడు విజ్ఞులు మూడు ప్రశ్నలు వేయవలెను. దేనిని అడవియని లెక్కించిరి? ఏ నెల చిత్రమును ఏ నెల చిత్రముతో పోల్చిరి? కొండయెక్కి సరిచూచినవారెవరు? ఈ మూడింటికి సమాధానము దొరికిన అంకె విలువైన అంకె. ఈ సభయందు ఆసీనులైనవారిలో పలువురు ప్రభుత్వపు లెక్కలు వ్రాయువారు, పరీక్షించువారు, పైకి పంపువారు. వారి బల్లలమీదికి వచ్చు ప్రతి అంకె వెనుక ఒక వాలు, ఒక సెలయేరు, కొన్ని కుటుంబములు ఉండునను ఎరుక వారికి సహజముగా కలదు.

చలికాలము వెళ్ళకముందే ఒక ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని అసోలాకో, ఆరావళి ఉద్యానవనమునకో పోయి, తుమ్మ ఏదో, ధౌ ఏదో వారికి చూపుట మేలు. ఆకాశమునుండి చూచు కన్నుకు నేలమీది కన్ను తోడైననాడే కొండ అడవుల లెక్క సరిపడును. ఆ లెక్క సరిగానున్నంతకాలము ఈ ప్రాచీనపర్వతము రాబోవు తరములవారికిని నీడను, నీటిని ఇచ్చుచుండుగాక!